కూర్చున్న ఏనుగులు

కమలవ్వ కుట్టిన ఏనుగులన్నీ కూర్చునే ఉండేవి. నాలుగు కాళ్ళ మీద నిలబడే ఏనుగును కుట్టడం ఆమెకు ఎప్పుడూ రాలేదు. నిలబెడితే ముందుకు తూలి తొండం నేలకు కొట్టుకునేది. అందుకని వెనక కాళ్ళు ముడిచి, కింద కాస్త ఎక్కువ రంపపు పొట్టు కూరి, కూర్చోబెట్టేసేది. "బాయిల పనిజేసి అచ్చింది, కాళ్ళు గుంజుతున్నయట, జర కూసున్నది" అని మా చెల్లెకు చెప్పేది. మా చెల్లె సమ్మక్క నమ్మేది. మూడేళ్ళది, ఎవరేం చెప్పినా నమ్మేది.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. కమలవ్వ గురించి మా పిల్లలకు ఒక తీరుగా చెప్పాను, చుట్టాలకు ఇంకో తీరుగా చెప్పాను. ఈసారి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఆమె మీద నాకు కోపం పోలేదు. పోవాలని నేను కోరుకోవడం కూడా లేదు. కానీ అటువంటి మనిషిని నేను మళ్ళీ చూడలేదు. అదీ రాయకపోతే తప్పవుతుంది.

కమలవ్వది చొప్పదండి. మేరవాళ్ళు, అంటే తరతరాలుగా బట్టలు కుట్టేవాళ్ళు. భర్త పేరు బుచ్చిరాములు. వాళ్ళకు ఐదేళ్ళ బాలలక్ష్మి, ఏడాది నిండీ నిండని దశరథం. పోలీస్ యాక్షన్ జరిగిన యేడు ఎండాకాలంలో ఆ ఊరికి తల్లి వచ్చింది. మశూచి అనే మాట అప్పుడు మా నోళ్ళలో లేదు, తల్లి అనేవాళ్ళం, పోచమ్మ అనేవాళ్ళం. బాలలక్ష్మికి ఒళ్ళంతా పోసింది. పదకొండో రోజున ఆ పిల్ల పోయింది. అదే మంచంలో, అదే దుప్పటి కింద పడుకున్న దశరథానికి ఒక్క పొక్కు కూడా రాలేదు.

ఎందుకు రాలేదో కమలవ్వ అత్త బుచ్చవ్వకు తెలుసు. జ్వరం మొదలైన రోజుల్లోనే ఆమె బాలలక్ష్మి లంగా నుంచి ఒక పీలిక చింపి, పసుపు రుద్ది, పిల్లవాడి మొలకు కట్టింది. తల్లి ముట్టిన బట్ట ఒంటి మీద ఉంటే, తల్లి దాన్ని గుర్తుపట్టి, ఇక్కడికి వచ్చిపోయాను కదా అని దాటిపోతుందట. ఆ బట్టను ఉతకకూడదు, ఉతికితే గుర్తు పోతుంది. కమలవ్వ కళ్ళారా చూసింది. పీలిక కట్టని బిడ్డ మట్టిలోకి పోయింది, పీలిక కట్టిన బిడ్డ పాలు తాగుతున్నాడు. ఇంతకంటే రుజువు ఏం కావాలి? నాకు చెప్పినా నమ్మేదాన్ని.

ఆ తర్వాత ఆ ఊళ్ళో ఉండబుద్ధి కాక వాళ్ళు బెల్లంపల్లికి వచ్చారు. మేమూ అంతకుముందే వచ్చి ఉన్నాం. మాది నేతపని ఇల్లు, మగ్గం కడుపు నింపక మా బాపు, అంటే నాన్న, పేరు రాజం, బాయిలో చేరాడు. బాయి అంటే మాకు బొగ్గుగని. పనివాళ్ళ ఇళ్ళు వరసలు వరసలుగా ఉండేవి, ఒక్కో వరసను లైను అనేవాళ్ళం. మా గోడా కమలవ్వ గోడా ఒకటే. ఇటు మేం దగ్గితే అటు ఆమె "నీళ్ళు తాగుండ్రి" అనేది.

బుచ్చిరాములు బజారులో బట్టల దుకాణం అరుగు మీద మిషను పెట్టుకున్నాడు. సాయంత్రం ఇంటికి వస్తూ రోజంతా మిగిలిన ముక్కలను మూటగట్టి తెచ్చేవాడు. బాయి పనివాళ్ళ నిక్కర్లవి ఖాకీ ముక్కలు, ఆడపిల్లల లంగాలవి పూల ముక్కలు, రవికెలవి ఎర్రవీ పచ్చవీ. కమలవ్వ వాటిని గుమ్మంలో పరుచుకుని కూర్చునేది. ఖాకీ ఎక్కువ కాబట్టి ఏనుగులు ఎక్కువ. ఎర్ర ముక్క దొరికితే కోడిపుంజు, ఆకుపచ్చది దొరికితే చిలుక. లోపల కూరడానికి బూరుగు దూది ఎక్కడ తెస్తుంది? బాయిలో పైకప్పుకు ఆనించే దుంగలను కోసే చోట రంపపు పొట్టు కుప్పలుగా పడి ఉండేది. దాన్ని తెచ్చి, పేళ్ళు గుచ్చుకోకుండా రెండుసార్లు జల్లించి, పాతబట్ట సంచిలో పోసి, ఆ సంచిని బొమ్మ కడుపులో పెట్టి కుట్టేది. కళ్ళకు గుండీలు పెట్టేది కాదు, పిల్లలు మింగుతారని. నల్లదారంతో ముడులు వేసేది. బొమ్మ పూర్తయ్యాక ముందు తానే దాని చెవి పళ్ళతో పట్టి గుంజి చూసేది. పసిపిల్లలు చేసే మొదటి పని అదే కదా, కొరకడం.

"మనుషులకు కుడితె నాకు పైసలు, జంతువులకు కుడితె నీకు పుణ్యం" అని బుచ్చిరాములు ఎగతాళి చేసేవాడు. ఆమె ఏ బొమ్మకూ ఏమీ తీసుకోలేదు. తల్లులు తట్టలు మోయడానికి పోతే ఇంట్లో ఏడ్చే పిల్లల చేతుల్లో పెట్టి వచ్చేది. కొత్తగా ఎవరి ఇంట పిల్ల పుట్టినా పురుడు స్నానం నాటికి ఒక ఏనుగు వచ్చి ఆ ఇంట్లో కూర్చునేది.

యాభై ఎనిమిదిలో, ఎండలు ముదిరాక, మా వెనక లైనుకు తల్లి వచ్చింది. ఇళ్ళకు వేపమండలు కట్టారు. తాలింపులు బంద్ అయ్యాయి. గట్టిగా మాట్లాడితే మా అవ్వ, అంటే అమ్మ, నోరు మూసేది. అప్పుడే టీకాలవాళ్ళు కూడా వచ్చారు. టీక వేయించుకుంటే తల్లిని నమ్మనట్టేనని, ఆమెకు కోపం వస్తుందని మా లైనులో ఆడవాళ్ళందరి మాట. టీకాలవాళ్ళు మలుపు తిరగగానే మా అవ్వ నన్ను బియ్యపు బస్తాల వెనక్కి తోసింది. సమ్మక్కను ఖాళీగా ఉన్న పెద్ద నీళ్ళ గోలెంలో కూర్చోబెట్టి మూత పెట్టింది. "కిక్కుమనకు బిడ్డా" అంది. సమ్మక్క కిక్కుమనలేదు. టీకాలవాళ్ళు పోయాక మూత తీస్తే ఆ చీకట్లో ఏనుగును ఒళ్ళో పెట్టుకుని నవ్వుతూ కూర్చుంది. ఆ ఏనుగు పాతది, తొండం ఎప్పుడో నమిలి నమిలి చివర ఊడదీసింది.

కమలవ్వకు పదేళ్ళ కిందటి చొప్పదండి కళ్ళ ముందుకు వచ్చింది. ఆమె చాకలి శంకరవ్వ దగ్గరికి పోయింది. తల్లి దిగిన పిల్లకు మూడు నీళ్ళు, అంటే మూడు స్నానాలు, పోశాక ఆ మంచం మీది బట్టలు చాకలికి చెందుతాయి. శంకరవ్వకు చిన్నప్పుడే తల్లి పోసి దిగింది, ముఖమంతా మచ్చలే, కాబట్టి ఆమెకు భయం లేదు. కమలవ్వ ముక్కు మీదా నాలుగు మచ్చలున్నాయి, ఆమెకూ భయం లేదు.

"ఉతుకకముందు గా దుప్పటి నాకియ్యి శంకరవ్వా" అని అడిగింది.

"ఏంజేస్తవే దాన్ని?"

"లైన్ల పిల్లలున్నరు గదా."

శంకరవ్వ ఇంకేం అడగకుండా ఇచ్చింది. మొలకు కట్టుకోమని ఇస్తే తల్లులు జడుసుకుంటారని కమలవ్వ అనుకుంది. అందుకని ఆ దుప్పటిని పదకొండు ముక్కలు కత్తిరించింది. ఒక్కో ముక్కకు పసుపు రాసి, మడిచి, ఒక్కో కొత్త బొమ్మ కడుపులో పొట్టుసంచికి పైన, చర్మం లాంటి ఆ పైగుడ్డకు ఆనుకునేట్టు పెట్టి కుట్టింది. పదకొండు ఇళ్ళకు పంచింది. ఎవరికీ చెప్పలేదు. మా చెల్లెకు తొండం కొత్తగా ఉన్న ఏనుగు దొరికింది, ఎర్రచెవులది. పాతదాన్ని నాకిచ్చేసింది. నేను పెద్దదాన్నని చెప్పి, చెల్లె నిద్రపోయాక కొత్తదాన్ని తీసుకుని నా పక్కలో పెట్టుకునేదాన్ని. ఆ సంగతి కూడా నేను ఎవరికీ చెప్పలేదు.

రెండు వారాలు తిరగకముందే సమ్మక్కకు జ్వరం వచ్చింది. మర్నాడు నాకు. దాని గురించి ఎక్కువ రాయను. నా కనురెప్పలు అంటుకుపోయి కళ్ళు తెరుచుకోలేదు. కాబట్టి మా చెల్లె పోవడం నేను చూడలేదు, విన్నాను. మూలుగు వినిపించేది, ఒక పొద్దున వినిపించలేదు. ఏనుగును దాని చేతుల్లోంచి తీయబోతే వేళ్ళు రాలేదని, అట్లాగే మన్ను చేశామని బాపు తర్వాత చెప్పాడు.

పదకొండు ఇళ్ళలో ఏడు ఇళ్ళకు తల్లి వచ్చింది. నలుగురు పిల్లలు పోయారు. అప్పుడు కమలవ్వ ఏమనుకుందో తెలుసా? పీలికలు చిన్నవైపోయాయి అనుకుంది. పదకొండుకు కోసే బదులు నాలుగుకో ఐదుకో కోయాల్సింది, పిసినారితనం చేశాను అని తనను తాను తిట్టుకుంది. శంకరవ్వ దగ్గర ఇంకో దుప్పటి తెచ్చుకుని, మిగిలిన పిల్లల కోసం మళ్ళీ గుమ్మంలో కూర్చుంది.

ఆ రోజే టీకాల లక్ష్మీరాజం సారు మళ్ళీ వచ్చాడు. సంచి భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. నేను అప్పటికి కొంచెం తేరుకుని మా గుమ్మంలో చాప మీద పడుకుని ఉన్నాను. ఆయన కమలవ్వ అరుగు మీదున్న దశరథాన్ని పట్టుకుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మడిచి ఆగిపోయాడు.

"గీ పోరనికి టీక పడ్డది గదమ్మా. ఎక్కడ ఏయించిండ్రు?"

"మేం ఏయించలే సారూ."

"ఏయించకుంటె గీ మచ్చలెక్కడియి? గుండ్రంగ రెండు, మంచిగ పట్టినయి. వీనికి తల్లి రాదు."

కమలవ్వ సూది ఆగింది. ఆమెకు గుర్తుకొచ్చింది. తల్లి రావడానికి ముందటి చలికాలం, చొప్పదండిలో, నిజాం సర్కారు టీకాలాయన గడప గడపా తొక్కాడు. అత్త బుచ్చవ్వ బాలలక్ష్మిని వడ్ల గుమ్మిలో దించి, సప్పుడు చేయొద్దని చెప్పింది. బాలలక్ష్మి సప్పుడు చేయలేదు. చంకలో ఉన్న దశరథాన్ని కూడా దించబోతే వాడు గుక్కపెట్టి ఏడ్చాడు. ఆ ఏడుపు విని టీకాలాయన లోపలికొచ్చి, వాడి చెయ్యి పట్టుకుని వేసిపోయాడు. అత్తాకోడళ్ళు ఆయనను తిట్టి, పిల్లవాడి చెయ్యి కడిగి, ఆ ముచ్చటే మరిచిపోయారు.

లక్ష్మీరాజం సారు ఆమె ఒళ్ళోకి చూసి, "గా దుప్పటి ఎవలది?" అన్నాడు. ఆమె చెప్పింది. దుప్పటి ఎక్కడిదో, ముక్కలు ఎక్కడ పెట్టిందో, ఎన్ని ఇళ్ళకు ఇచ్చిందో, అడిగినదానికల్లా చెప్పింది. ఆయన అరుగు మీద కూలబడ్డాడు.

"అవ్వా, తల్లి ఉండేదే గా బట్టల. ఎండిన పక్కులు దానికే అంటుకొని ఉంటయి. గది పిల్లల నోట్లె వెట్టినవు గదనే."

ఆయన గట్టిగా కూడా అనలేదు. ఆమె చేతిలోని కోడిపుంజు బొమ్మను కింద పెట్టి, రెండు చేతులూ చీర కొంగుకు తుడుచుకుంది. ఒకసారి కాదు, చాలాసేపు తుడుచుకుంది. ఆ తర్వాత లేచి మా ఇంటికే ముందు వచ్చింది.

"చెల్లే, సమ్మక్కను నేనే సంపిన" అంది మా అవ్వతో.

మా అవ్వకు అర్థం కాలేదు. కమలవ్వ మళ్ళీ మొదటినుంచి చెప్పింది. చెప్పి, "ఏనుగేది?" అని అడిగింది. పిల్లతోనే పోయిందని అవ్వ అంది. ఆ తర్వాత అవ్వ చేతికి ఏది దొరికితే దానితో ఆమెను కొట్టింది. కట్టె, చెంబు, చివరికి వేపమండ. కమలవ్వ చేతులు అడ్డం పెట్టుకోలేదు. అవ్వ అలసిపోయి కింద కూర్చున్నాక, ఆమె మిగిలిన పది ఇళ్ళకూ పోయి అదే మాట చెప్పి, పది బొమ్మలూ తీసుకొచ్చి, బూడిద కుప్ప మీద వేసి కాల్చింది. పొట్టు కదా, చప్పున అంటుకుంది.

లైనులో పెద్దమనిషి హనుమండ్లు అందరినీ కూర్చోబెట్టాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆమెను కాపాడాలనే చూశాడు.

"కమలవ్వా, తల్లి బట్టకు కత్తెర వెట్టినవు. గది నీ తప్పు. తల్లి గుస్సయింది. ఒక బోనం చెయ్యి, ఒక యాటపోతును కొయ్యి. తల్లి సల్లబడ్తది. మేమంత ఈ ముచ్చట మరిసిపోతం."

అందరూ తలలూపారు. మా అవ్వ కూడా ఊపింది. ఆ ఒక్క మాటకు ఆమె సరేనని ఉంటే, మర్నాటి నుంచి మళ్ళీ ఆమె గుమ్మంలో కూర్చుని కుట్టుకునేది.

"తల్లిని అనకుండ్రి" అంది కమలవ్వ. "తల్లి ఏం జెయ్యలే. నేను జేసిన. టీక పడ్డ నా కొడుకు బతికిండు, దాసిపెట్టిన నా బిడ్డ సచ్చింది. మీ పిల్లలనన్న దాసకుండ్రి."

ఇది మా లైను భరించలేకపోయింది. అప్పుడు నేను వాళ్ళ కోపం కమలవ్వ చేసిన పని మీద అనుకున్నాను. కాదు. తల్లి చేయలేదంటే, గోలెం మీద మూత పెట్టిన మా అవ్వ కూడా చేసినట్టే కదా. లైనులో ప్రతి ఆడమనిషీ ఎక్కడో ఒక మూత పెట్టే ఉంది. కమలవ్వ తన నేరాన్ని తాను మోస్తే చాలేది, వాళ్ళ వాటా వాళ్ళకు పంచిపెట్టింది. మా అవ్వ బతికినన్నాళ్ళూ ఆమె పేరెత్తనియ్యలేదు.

బుచ్చిరాముల దగ్గర కుట్టించుకునేవాళ్ళు లేకపోయారు. దుకాణదారు అరుగు ఖాళీ చేయమన్నాడు. వాళ్ళు ఊరి చివరికి పోయి ఒక పాకలో ఉన్నారు. బుచ్చిరాములు పెళ్ళాన్ని ఒక్క మాట అన్నట్టు నేను వినలేదు, పలకరించినట్టూ వినలేదు. దశరథం పెద్దవాడై బాయిలో చేరాడు. కమలవ్వ లక్ష్మీరాజం సారు వెంట పడింది. మొదట ఆయన వద్దన్నాడు, తర్వాత ఆమె లేకుండా ఊళ్ళలోకి పోవడం మానేశాడు. ఎందుకంటే పిల్లలను ఎక్కడ దాస్తారో ఆమెకు తెలుసు. గుమ్మిలో, గోలెంలో, కోళ్ళ గంప కింద, అటక మీద, గడ్డివాములో. వాకిట్లోకి అడుగుపెట్టి ఒక్కసారి చుట్టూ చూసి, నేరుగా పోయి మూత తీసేది. ఆడవాళ్ళు ఆమె మీద పేడనీళ్ళు పోశారు. పిల్లలను పట్టుకుపోయే ముసలిది వస్తుందని చెప్పి పిల్లలకు అన్నం తినిపించారు. ఒకప్పుడు పిల్లలందరికీ ఏనుగులిచ్చిన మనిషి.

ఏడ్చే పిల్లలను ఊరడించడానికి రెండు బొమ్మలు కుట్టి వెంట తెమ్మని సారు ఒకసారి అన్నాడట. ఆమె ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఆమె సూది పట్టుకోనేలేదు. చిరిగిన రవికెకు పిన్నీసు పెట్టుకుని తిరిగింది. మేర ఇంటి ఆడది, పిన్నీసు.

నేను ఆమెను చివరిసారి చూసింది అరవై ఏడులో. మరుసటి ఎండాకాలం ఆమె పోయింది. అప్పటికి నా పెళ్ళై చెన్నూరు దగ్గర ఒక పల్లెలో ఉన్నాను. నా ముఖం చూసి ముగ్గురు పెళ్ళికొడుకులు వెనక్కి పోయారు. మా ఆయన వెంకటికి ఒక కన్ను సరిగా కనిపించదు, నా మచ్చలు సగమే కనిపించి ఉంటాయి, ఒప్పుకున్నాడు. మాకు ఐదు నెలల కొడుకు. టీకాలవాళ్ళు వస్తున్నారనీ, వాళ్ళ ముందు ఒక ముసలామె నడుస్తున్నదనీ పొద్దున్నే తెలిసింది. ఆమె ఎవరో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

నేను కొడుక్కు కడుపునిండా పాలిచ్చి, నిద్రపుచ్చి, గుమ్మిలో పాత చీర పరిచి పడుకోబెట్టాను. మూత వేశాను. నవ్వకండి. టీక మంచిదని నాకు తెలుసు, నా ముఖమే నాకు చెప్పింది. టీకకు భయపడి దాచలేదు. ఆ చెయ్యి నా బిడ్డను ముట్టొద్దని దాచాను.

ఆమె మా గడప బయటే ఆగింది. యాభై నిండకముందే నడుము వంగింది, రవికెకు పిన్నీసు ఉంది. నా ముఖం వంక చూసింది, ఏ మచ్చలో ఆమెకు తెలియకపోతుందా?

"పిల్లగాడు లేడు" అన్నాను. "మా అత్త ఎంబడి ఊరికి పోయిండు."

ఆమె కళ్ళు గుమ్మి దగ్గరికి పోయి ఆగాయి. లోపలికి అడుగు పెట్టలేదు. వెనక్కి తిరిగి, మా వాకిట్లో ఎండలో, నా ఇంటికి వీపు పెట్టి నేల మీద కూర్చుంది.

"నేను లోపటికి రాను బిడ్డా, నేను ముట్ట. నువ్వే తీసుకరా" అంది. మళ్ళీ తనే అంది. "నీ చెల్లె గోలెంల సప్పుడు జెయ్యకుంట కూసున్నది. నా బిడ్డ గుమ్మిల సప్పుడు జెయ్యకుంట కూసున్నది. మంచి పిల్లలు. జెప్పినట్టు ఇన్నరు."

నేను గుమ్మి దగ్గరికి పోయాను. మూత తీశాను. లక్ష్మీరాజం సారు నా కొడుకు చెయ్యి తుడిచి, మందు చుక్క వేసి, దాని మీద ఆ ఇనుప బిళ్ళను పెట్టి తిప్పాడు. వాడు లేచి, ముఖం ఎర్రగా చేసుకుని, ఊరంతా వినబడేట్టు గుక్కపెట్టాడు. నేను వాణ్ణి ఎత్తుకుని ఊపుతూ, నోటికి రొమ్ము అందించబోయాను.

"ఊకుంచకు బిడ్డా, ఏడ్వనియ్యి" అంది కమలవ్వ, ఇటు తిరగకుండానే. "మా ఇంట్ల ఏడ్సినోడే బతికిండు."

నేను వాణ్ణి ఊరుకోబెట్టలేదు. వాడు ఏడుస్తున్నంతసేపూ ఆమె అట్లాగే కూర్చుని విన్నది.